వానలో బందరు: బీచ్ తర్వాత, ముందు కోట

ముసురు పడితే బందరు ప్రయాణం మానుకునేవాళ్లే ఎక్కువ. వాళ్ల లెక్కలో బందరంటే మంగినపూడి బీచ్. వానలో ఆ బీచ్‌కు పోవడం దండగే, సందేహం లేదు. అక్కడిది నల్ల ఒండ్రు నేల, తీరంలో లోతు తక్కువ. కాస్త గాలి వీస్తే చాలు, నీళ్లు బురదెక్కుతాయి. కానీ బందరు, అంటే మచిలీపట్నం, పెరగడంలోనూ తరగడంలోనూ ఈ బురదకు పెద్ద వాటా ఉంది. అది కళ్లకు కట్టేది వానాకాలంలోనే.

గోల్కొండ సుల్తానుల కాలంలో కోరమాండల్ తీరంలో దీన్ని మించిన రేవులు అరుదు. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చి స్థావరాలు పెట్టారు. ఫ్రెంచివాళ్లు ఆ తర్వాత దిగారు. వలందులంటే డచ్చివాళ్లు, పరాసులంటే ఫ్రెంచివాళ్లు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం పేర్లు ఊళ్లో ఇప్పటికీ నడుస్తున్నాయి. అయినా ఓడ ఒడ్డుకు వచ్చి ఆగే సౌకర్యం ఇక్కడ ఏనాడూ లేదు. పెద్ద ఓడలు దూరాన సముద్రంలోనే లంగరేసేవి, సరుకు చిన్న పడవల మీద లోపలికి వచ్చేది. కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు మేట వేస్తుంటే లోతు నిలవదు. కాకినాడకు అడ్డంగా హోప్ ఐలాండ్ ఉంది, బందరుకు అలాంటి కాపు లేదు.

కోటను ఊరికి దూరంగా, ఉప్పు బురద మధ్య కట్టారు. ఆ బురదే దానికి సగం గోడ. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతి రాజు సేనలతో కలిసి ఫ్రెంచివాళ్ల నుంచి దాన్ని పట్టుకున్నది రాత్రిపూట, ఆటు సమయం చూసుకుని. దాటలేరని ఫ్రెంచివాళ్లు ధీమాగా ఉన్న బురద వైపు నుంచి ఒక దళాన్ని నడిపించి వాళ్ల దృష్టి మళ్లించాడు. వాన కురుస్తుండగా ఆ నేల మీద పది అడుగులు వేస్తే అదెంత సాహసమో తెలుస్తుంది. మాటవరసకు చెప్పడం లేదు, బంకమట్టి నిజంగానే చెప్పును పట్టేస్తుంది. మడమకు పట్టీ ఉన్న రబ్బరు చెప్పులైతేనే నడవగలరు, హవాయి చెప్పులు అక్కడే ఉండిపోతాయి. పాత ఇటుక, సున్నం కట్టడాలు నాని ఉంటాయి కాబట్టి కమానుల కింద నిలబడొద్దు, గోడలెక్కొద్దు. గడ్డిలోకి పోకుండా బాటనే పట్టుకోవాలి, వానకు పాములు మెట్టకు చేరతాయి.

1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారు. బందరు ఆ దెబ్బతోనే పడిపోయిందని చెప్పుకోవడం అలవాటైపోయింది. అది సగం నిజమే. ఇంగ్లీషువాళ్లు ముఖ్య స్థావరాన్ని 1641 నాటికే మద్రాసుకు మార్చుకున్నారు. తర్వాత ఇంగ్లండు మిల్లుగుడ్డ మన చేనేత ఎగుమతిని చంపింది. ఉప్పెన వచ్చేసరికే రేవు చిక్కిపోయి ఉంది, అందుకే మళ్లీ లేవలేదు. కోటలో ఈ క్రమం చెప్పే పలకలు నాలుగు పెట్టి, వానకు నిలబడే చిన్న కప్పు ఒకటి వేస్తే చాలు. బీచ్ ఉత్సవాలకు పెట్టే ఖర్చుతో పోలిస్తే అదెంత?

విజయవాడ నుంచి గుడివాడ మీదుగా రైల్లో వస్తే పెడన ముందే తగులుతుంది. అక్కడ దిగి కలంకారీ చూసుకుని బందరు పోవడం తెలివైన పని. అయితే వాన రోజున పని సగమే కనిపిస్తుంది. గంజి పోగొట్టిన గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టిన కసింతో నలుపు, పటికతో ఎరుపు పట్టే చోట్లు అచ్చుతో అద్దుతారు. ఇంతవరకు షెడ్డులో జరిగేదే. ఆపైన పారే కాలువలో జాడించి, రంగులో ఉడకబెట్టి, ఎండలో ఆరేయాలి. తడిగాలికి గుడ్డ ఆరక అద్దకం అంచులు చెదురుతాయి, కాలువ నీళ్లు బురదగా ఉంటే తెలుపు మాసిపోతుంది. అందుకే ముసురు పడితే చాలాచోట్ల ఉడకబెట్టే పని ఆపేస్తారు. కొనేటప్పుడు అచ్చు అచ్చుతో కలిసే చోట చూడండి. చేత్తో అద్దిన గుడ్డలో గీత అక్కడక్కడా కాస్త తప్పుతుంది, తాను పొడవునా ఒక్క వెంట్రుకవాసి తేడా రాకపోతే అది స్క్రీన్ ప్రింటే కావచ్చు.

మధ్యాహ్నం వాన తెరిపిస్తే డచ్చి సమాధులు చూడండి. రాతి పలకల మీద చెక్కిన అక్షరాలు, వంశ చిహ్నాలు పొడిగా ఉన్నప్పటికంటే తడిసినప్పుడే బాగా తేలతాయి. అక్కడి నుంచి గిలకలదిండి చేపల రేవుకు. జూన్ 14తో వేట నిషేధం ముగుస్తుంది కాబట్టి వానాకాలంలో పడవల సందడి ఉంటుంది. మొగ దగ్గర ఇసుక మేట వేస్తే పడవలు పోటు కోసం కాచుకోవాలి, పాత ఓడలు పడిన తిప్పలే ఇవీ. మంగినపూడి వైపు కట్టే కొత్త పోర్టుకు 2008లో, 2019లో, 2023లో శంకుస్థాపనలు జరిగాయి. శంకుస్థాపన ఎన్నిసార్లు చేసినా అక్కడి కష్టం మారదు. సముద్రంలోకి గోడలు కట్టి, కాలువ తవ్వి, తవ్విన లోతును ఏటా నిలుపుకుంటూ ఉండాలి.

తిరుగు ప్రయాణంలో తొక్కుడు లడ్డు కొనేవాళ్లు అట్టపెట్టె మీద ప్లాస్టిక్ కవరు గట్టిగా కట్టించుకోవాలి, బెల్లం తేమ లాగి లడ్డు మెత్తబడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే బయల్దేరే ముందే రేవు హెచ్చరిక చూసుకోండి. మచిలీపట్నంలో మూడో నంబరు ఎగరేశారంటే ఈదురుగాలుల ముప్పు ఆ రేవుకే ఉందని అర్థం. ఆ రోజుకు పెడన వరకే పెట్టుకుని వెనక్కి తిరగండి, నంబరు ఇంకా పెరిగితే ఇల్లు కదలొద్దు.