చదివినోళ్ళు చర్చకి రావద్దు

ఏప్రిల్ 23 ప్రపంచ పుస్తక దినోత్సవం, ఆ మర్నాడు 24 నించి మన బళ్ళకి వేసవి సెలవులు. ఈ రెండు తేదీల్నీ పక్కపక్కన కూర్చోబెట్టిన మహానుభావుడెవరో గానీ ఆయనకో దండం పెట్టాలి, ఎందుకంటే పిల్లలు పొద్దున్న "పుస్తకం హస్తభూషణం" అని అట్టముక్క పట్టుకుని ఫోటో దిగేసి, సాయంత్రానికి బ్యాగు మంచం కిందకి తన్నేసి, జూన్ 12న బడి తెరిచేదాకా దాని జిప్పు కూడా ముట్టుకోరు. మధ్యలో 49 రోజులు హస్తానికి భూషణం ఫోనే.

ఈ అన్యాయాన్ని అరికట్టడానికి మావాడి స్కూలు ఈసారి నడుం బిగించింది. పేరెందుకులెండి, ఇంకా రెండో విడత ఫీజు కట్టాల్సుంది. మావాడు తొమ్మిది అయ్యి పదిలోకొచ్చాడు. సెలవులిచ్చిన మూడోనాడే గ్రూపులో మెసేజి పడింది, వేసవి పఠనం, ఆన్‌లైన్ సాహితీ చర్చ, వారానికో రచన, శనివారం సాయంత్రం నాలుగింటికి మీట్‌లో కలవాలి, పాల్గొన్న ప్రతి ఒక్కరికీ ఈ-సర్టిఫికెట్. తల్లిదండ్రులందరూ వరసపెట్టి చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు, నేనూ పెట్టాను. ఏ రచనలు అని ఒక్కళ్ళూ అడగలేదు గానీ, సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ముందొస్తుందా వెనకొస్తుందా అని పదకొండు మంది అడిగారు.

ఆరు వారాలు ఈ కార్యక్రమాన్ని పక్కనే కూచుని గమనించిన పౌరుడిగా నేను తేల్చిన విషయం ఒకటే. సాహిత్య చర్చకి ఉన్న ఏకైక అడ్డంకి సాహిత్యం. అది తీసి పక్కన పెడితే చర్చ గోదాట్లో నావలా సాఫీగా పోతుంది. నమ్మకపోతే వినండి.

ముందు మాస్టారి సంగతి చెప్పాలి. పాపం తెలుగు మాస్టారికి సెలవుల్లేవు, ఎండలో ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు పట్టుకురావాలి, ఇన్ని సీట్లని టార్గెట్టు. అందుకని నాలుగయ్యేసరికి గాజువాక వైపు ఏదో చెట్టు కింద బండి ఆపి, హెల్మెట్ తీయకుండానే మీట్‌లోకి వచ్చేసేవారు, కరుణరసం గురించి చెప్తుంటే వెనకాల ఆర్టీసీ బస్సు హారను. ఆయన్ని నేనేమీ అనను. ఈ మొత్తం వ్యవహారంలో చెమట పట్టింది ఆయనొక్కరికే.

మా ఇంట్లో సీను ఇదీ. ఫ్యాను మూడు మీద తిరుగుతున్నా విశాఖ ఉక్కపోత తెలుసుగా, మావాడు బనీనుతో కూచుని కెమెరా ఆపేసి, మ్యూట్ మాత్రం మర్చిపోయేవాడు. మొదటి శనివారం నలభై రెండు మంది పిల్లలూ మాస్టారూ విన్న తొలి సాహితీ ఉపన్యాసం మా అమ్మది. "ఏట్రా గుంటడా, అప్పటేల నించి దాన్ని సూసుకుంటా కూకున్నావు, కళ్ళు పోతాయిరా, రెండు ముంజిలు తినీ." చర్చ మొత్తమ్మీద మనసులోంచి వచ్చిన మాట అదొక్కటే అని ఇప్పటికీ నా అభిప్రాయం.

రెండో వారం శ్రీశ్రీ. 1910లో పుట్టింది ఈ ఊళ్ళోనే కాబట్టి ఫీల్డ్ విజిట్ అన్నారు, అంటే బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం పక్కన ఫోటో దిగి గ్రూపులో పెట్టాలి. బీచ్ రోడ్డు నిండా విగ్రహాలే కదా, మావాడు సైకిలేసుకుని వెళ్ళి దొరికిన మొదటి విగ్రహం పక్కన నించుని దిగేశాడు. అది ఏదో రాజకీయ నాయకుడిదని నేను గుర్తుపట్టేలోపే మాస్టారి నించి బొటనవేలు వచ్చేసింది, కింద ముగ్గురు పిల్లలు "మహాకవికి జోహార్లు" అని కూడా పెట్టేశారు. వస్తూ వస్తూ మురీ మిక్చర్ కొనుక్కున్నాడు. ఆ పొట్లం కాగితం మీద ఏదో ఇంజనీరింగ్ కాలేజీ ప్రకటన ఉంటే దాన్ని అటూ ఇటూ తిప్పి చదివాడు. ఈ సెలవుల్లో వాడు అచ్చులో చదివిన తొలి రచన అదే.

ఇక మూడో వారం. అసలు కథ ఇక్కడుంది.

చాసో, అంటే చాగంటి సోమయాజులు, రాసిన కథ 'ఎందుకు పారేస్తాను నాన్నా' ఇచ్చారు. పక్కూరు విజయనగరం ఆయన, 1915లో పుట్టారు, మన యాసకి దగ్గర మనిషి, బానే ఎంచారు అనుకున్నాను. డబ్బుల్లేక చదువు ఆగిపోయిన పిల్లాడు, వాళ్ళ నాన్న చుట్టలు తెమ్మని పంపితే బడి ముందునించి వెళ్ళడానికి సిగ్గుతో చచ్చిపోతాడు. ఇంతవరకూ నాకు తెలుసు, ఎప్పుడో ఎవరో చెప్పగా విన్నాను. కథ పీడీఎఫ్ పెట్టారు. పీడీఎఫ్ అంటే ఎవరో పుస్తకాన్ని మంచమ్మీద పెట్టి ఫోనుతో తీసిన ఫోటోలు, ప్రతి పేజీకీ ఎడమ పక్క ఓ బొటనవేలు, రెండో పేజీ తలకిందులు, వెనకాల పూల దుప్పటి.

శుక్రవారం రాత్రికి స్పందనలు పెట్టాలి. మావాడిది నేను రాశాను. ఎందుకు రాశానంటే వాడు పది కదా, బ్రిడ్జి కోర్సు లెక్కలుంటాయి, టైము ఉండదు. కథ చదవడానికి నాకూ టైము లేదు, ఆఫీసులో ఆడిట్. అయినా ఆ మాత్రం రాయలేమా, "పేదరికాన్ని కళ్ళకు కట్టినట్టు చూపించారు, ముఖ్యంగా ముగింపు హృదయాన్ని కదిలించింది" అని కొట్టాను. ఎంవీపీ కాలనీ నించి ఒకాయన, సీతమ్మధార నించి ఒకావిడ, అంటే వాళ్ళ పిల్లలు, దాదాపు అదే రాశారు. మొత్తం నలభై ఒక్క మంది హృదయాలు ముగింపు దగ్గర కదిలాయి. కొన్నయితే ద్రవించాయి. మాస్టారు నాది, అదే మావాడిది, ఉత్తమ స్పందనగా ప్రకటించారు. ఒప్పుకుంటాను, కాస్త ఛాతీ ఉబ్బింది.

ఆ స్పందనల మధ్యలోనే ఆఫీసువాళ్ళ మెసేజి ఒకటి పడింది. "గౌరవనీయ తల్లిదండ్రులకు, రెండో విడత ఫీజు సోమవారం రాత్రిలోగా చెల్లించని విద్యార్థులను తరగతికి అనుమతించము." దాని పైన 'పేదపిల్లల చదువు సమాజ బాధ్యత', దాని కింద 'ఆ తండ్రి నిస్సహాయత నన్ను ఏడిపించింది'. అలవాటు చొప్పున ఇద్దరు ముగ్గురు ఆ ఫీజు మెసేజికి కూడా చేతులు జోడించారు.

శనివారం మీట్‌లో అందరూ ముగింపు గొప్పతనం గురించి మాట్లాడేశాక, ఎప్పుడూ నోరు మెదపని ఒక పిల్ల మైకు తెరిచింది. వాళ్ళు ముగ్గురికి ఒకటే ఫోను, వాళ్ళ నాన్న ఆటో తోలి ఇంటికొస్తే గానీ దొరకదు, కెమెరాలో సగం మొహం సగం గోడ.

"సార్, ఇందులో ఆఖరి పేజీ లేదండి. మధ్యలో ఆగిపోయింది. ఇంతకీ ఆ అబ్బాయి బడికెళ్ళాడా, లేదా?"

మీట్‌లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నలభై ఒక్క కదిలిన హృదయాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎవరింట్లోనో కుక్కర్ కూసింది. ఇంకా ఆపకుండా ఆ పిల్ల, "చుట్టలకి డబ్బులున్నాయి కదా సార్, మరి ఫీజుకి ఎందుకు లేవు?" అంది. మాస్టారు హెల్మెట్‌లోంచి కాసేపు చూసి, "మంచి ప్రశ్నమ్మా, కానీ పేజీల సమస్యలు అడ్మిన్‌కి పెట్టండి, ఇక్కడ చర్చ మాత్రమే" అన్నారు. ఆయన గొంతులో ఏదో అడ్డంపడ్డట్టు అనిపించింది నాకు, సిగ్నలేమో.

చూశారా, చదివినవాళ్ళని రానిస్తే ఏమవుద్దో? సాఫీగా పోతున్న నావకి ఒక్క పిల్ల చిల్లు పెట్టేసింది. అందుకే విద్యాశాఖకి నా విన్నపం ఏంటంటే, వచ్చే ఏడాది నించి చర్చకి ముందు ప్రతి విద్యార్థి 'నేను ఈ రచన చదవలేదు' అని తల్లిదండ్రుల సంతకంతో పత్రం ఇవ్వాలి. దొంగచాటుగా చదివి వచ్చేవాళ్ళని ఏరెయ్యడానికి ఫ్లయింగ్ స్క్వాడ్ కావాలి. అనుమానమొస్తే కథలో మనుషుల పేర్లు అడగాలి, కరెక్టుగా చెప్తే డిబార్. పూర్వం గుంటూరు జిల్లాలో కాలవ మీద పడవల్లో పుస్తకాలు తిప్పేవారట, 1935 నాటి మాట, పడవ గ్రంథాలయం అని. చదివేవాళ్ళున్నారు కాబట్టి పాపం వాళ్ళకి ఆ తిప్పలు పడాల్సొచ్చింది. మనకి ఆ ఖర్చు లేదు.

ఖర్చంటే గుర్తొచ్చింది, ఇంటిపన్ను రశీదులో గ్రంథాలయ సెస్సు అని ఒక గడి ఉంటుంది, పన్నులో రూపాయికి 8 పైసలు. ఆరువేలు పన్నయితే 480 రూపాయలు. ఇల్లు కట్టిన దగ్గర్నించి కడుతున్నాను, ఆ లైబ్రరీ ఎక్కడుందో మాత్రం తెలీదు. ఆ పిల్ల ప్రశ్న రెండ్రోజులు చెవిలో దోమలా తిరుగుతుంటే, ఉత్తమ స్పందన రాసినవాడినై ఉండి ముగింపు తెలీకపోతే ఎలా అని, సోమవారం సాయంత్రం అడుక్కుంటూ అడుక్కుంటూ వెళ్ళాను. ఇంటికి రెండు వీధుల అవతల. పైన కుర్చీల నిండా డీఎస్సీకి చదువుకునే కుర్రాళ్ళు, కింద పేపర్ల దగ్గర పెద్దవాళ్ళు. చాసో కథలు ఉన్నాయా అంటే లైబ్రేరియన్ కళ్ళజోడు సర్దుకుని, "చాసోయా, ఉంది బాబూ, మొన్న ఒక పిల్లొచ్చి ఇక్కడే కూకుని సదువుకుని ఎల్లింది, బల్ల మీదే ఉండాలి" అన్నారు.

నించునే చదివాను. కథ మొత్తం కాసేపట్లో అయిపోయింది. ఆఖరి పేజీకి ఫోనుతో ఫోటో తీశాను, చూస్తే నా బొటనవేలు కూడా పడింది. గ్రూపులో పెడదామని తెరిస్తే, అడ్మిన్‌లు మాత్రమే మెసేజిలు పంపగలరు అని ఉంది, పొద్దున్నే మార్చేశారట, పేజీల సమస్యలు ఎక్కువైపోతున్నాయని.

ఇంటికొచ్చేసరికి మావాడి ఈ-సర్టిఫికెట్ వచ్చేసింది, ఇంకా మూడు వారాలుండగానే, ఇంటిపేరు తప్పుగా. వాడు నా ఫోను లాక్కుని ఆ పేజీ ఫోటో పెద్దది చేసి, బొటనవేలు పక్కనించి ఒక్కో లైనూ జరుపుకుంటూ చదివాడు. తలెత్తి, "నాన్నా, మనం ఫీజు కట్టేశామా?" అన్నాడు.

ఫీజు కట్టే లింకు ఆ రాత్రి పన్నెండుకి ఆగిపోతుంది. అప్పటికి పదకొండున్నర అయింది, ఓటీపీ రావట్లేదు.