అమెరికా లెక్క మారింది, నల్లగొండ అప్పు మారలేదు

మిర్యాలగూడ, కోదాడ, హాలియా వైపు ఏ ఊళ్లో అడిగినా అమెరికాలో పిల్లలున్న ఇల్లు ఏదో చెప్తారు. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు అడిగితే ముంబై బస్సెక్కి వెళ్లినవాళ్ల ఇళ్లు చూపిస్తారు. మొదటి వలసకు వీసా కావాలి, రెండోదానికి అక్కర్లేదు. రెండింట్లోనూ అప్పు ముందు, పని తర్వాత. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా పాలమూరు కూలీ ఎటూ కదలలేడు. పొలం తాకట్టు పెట్టి ఎంఎస్‌కు వెళ్లిన నల్లగొండ కుర్రాడిదీ దాదాపు అదే పరిస్థితి. కాకపోతే వాడి గురించి ఊళ్లో గొప్పగా చెప్పుకుంటారు.

ఎంఎస్‌ను చదువు ఖర్చు కింద రాసుకుంటాం గానీ, అది అమెరికాలో ఉద్యోగం చేయడానికిచ్చే హెచ్1బీ వీసా కోసం పెట్టే పెట్టుబడి అని ఇంట్లో అందరికీ తెలుసు. చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేయనిచ్చే ఓపీటీ కింద ఏడాది పని చేయొచ్చు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సయితే ఇంకో రెండేళ్లు కలుస్తాయి. ఈలోగా హెచ్1బీకి తీసే లాటరీలో పేరు రావాలి. ఏటా 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000. ఇన్నాళ్లూ అందులో జీతంతో పని లేకుండా పేర్లు తీసేవారు. 2025 డిసెంబరులో ఖరారైన నిబంధన ఆ పద్ధతిని మార్చేసింది. అత్యధిక వేతన స్థాయిలో ఉన్నవారి పేరు నాలుగుసార్లు, అట్టడుగు స్థాయివారి పేరు ఒక్కసారే పడుతుంది. కొత్తగా డిగ్రీ చేతికొచ్చి చిన్న కంపెనీలో చేరే మనవాడు సాధారణంగా ఆ అట్టడుగు స్థాయిలోనే ఉంటాడు.

కొత్త హెచ్1బీ దరఖాస్తుల మీద 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు గురించి టీవీల్లో రోజుల తరబడి చర్చించారు. అక్టోబరులో వచ్చిన వివరణ ప్రకారం, అమెరికాలోనే ఉండి స్టూడెంట్ వీసా నుంచి హెచ్1బీకి మారేవారికి అది వర్తించదు. కన్సల్టెన్సీలకు ఇంతకంటే మంచి ప్రచారం దొరకదు. అక్కడికెళ్లి చదివితే లక్ష డాలర్లు కట్టక్కర్లేదంటే అది అబద్ధం కాదు. కానీ జీతాన్నిబట్టి మారిన లాటరీ సంగతి ఆ మాట వెనకే చెప్పాలి కదా. గ్రీన్‌కార్డుదీ అదే కథ. ఉద్యోగాల కోటాలో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వరు. అందుకే 2025లోనూ ఆ కోటాలోని ఈబీ2, ఈబీ3 విభాగాల్లో భారతీయుల వరుస 2012, 2013 దరఖాస్తుల దగ్గరే ఉంది.

ఇప్పుడు వడ్డీ చూద్దాం. ఎంఎస్ కోసం 40 లక్షలు బ్యాంకులో 11 శాతానికి తెస్తే నెలకు 36 వేలకు పైనే. బ్యాంకు ఇవ్వక ఊళ్లో నూటికి రెండు రూపాయలకు తెస్తే నెలకు 80 వేలు. లాటరీ తగలని ప్రతి ఏడాదీ ఈ మీటరు తిరుగుతూనే ఉంటుంది. అందుకని అమెరికా వద్దే వద్దని నేననను. మంచి యూనివర్సిటీలో సీటు, స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లకు అది ఇప్పటికీ మంచి దారే. సీటు ఎక్కడొచ్చినా పర్లేదు, వెళ్తే చాలు అనుకునే ఇంటికి మాత్రం కాదు.

బ్రిటన్ సంగతి చెప్పాలంటే, 2025 జులైలో స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ వేతన పరిమితి 41,700 పౌండ్లకు పెంచారు. విదేశాల నుంచి కేర్ వర్కర్లను తీసుకోవడమూ ఆపేశారు. ఇంకా ఆ వీసా ఇప్పిస్తామనే ఏజెంటు ఉంటే మోసగాడే.

జర్మనీ ఎదురు దిశలో వెళ్తోంది. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబరులో ప్రకటించింది. అదే ఏడాది జూన్‌లో తెచ్చిన ఆపర్చునిటీ కార్డుతో అక్కడికెళ్లి ఏడాదిపాటు ఉద్యోగం వెతుక్కోవచ్చు. డిగ్రీ గానీ కనీసం రెండేళ్ల వృత్తి శిక్షణ గానీ ఉండాలి. మన ఐటీఐల్లో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్ల కోర్సులు, వెల్డర్ ఏడాదిదే. అక్కడ బతకడానికి నెలకు వెయ్యి యూరోలకు పైగా లెక్కగట్టి ఏడాది డబ్బు ముందే చూపించాలి కాబట్టి, పేదింటి పిల్లలకు ఈ కార్డు కంటే ఇక్కడే ఉద్యోగం ఖాయం చేసుకుని వెళ్లడం మేలు. నర్సులకు ఆ అవకాశం బాగానే ఉంది. విదేశీ ఉద్యోగాలు చూపించే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీకి, జపాన్‌కు నర్సింగ్ సిబ్బందిని పంపే పని చేస్తోంది. జపాన్ 2019 నుంచి ఇస్తున్న స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకు డిగ్రీ అడగరు. పని పరీక్ష, ప్రాథమిక స్థాయి జపనీస్ ఉంటే ఐదేళ్లు పనిచేయొచ్చు. కుటుంబాన్ని మాత్రం తీసుకెళ్లనివ్వరు.

పాలమూరు మేస్త్రీలకూ ఇందులో చోటుంది. నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టిన చేతులవి, కాకపోతే కాగితం లేదు. 2024లో ఇజ్రాయెల్ నిర్మాణ పనులకు మనుషుల్ని తీసుకున్నప్పుడు సెంట్రింగ్, ఐరన్ బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్ పనులు చేసి చూపించమన్నారు. యుద్ధం నడుస్తున్న చోటికి పంపడం నాకు నచ్చలేదు గానీ, ఆ పరీక్ష పద్ధతి నచ్చింది. వచ్చిన పనికే సర్టిఫికెట్ ఇచ్చే ఆర్పీఎల్ పథకం కేంద్రానిది ఎప్పట్నుంచో ఉంది. దాన్ని గుంపు మేస్త్రీల దాకా తెచ్చినవాళ్లు తక్కువ.

పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే కేంద్రం ఇచ్చే అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, తప్పనిసరి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్రం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. చట్ట ప్రకారం అతను తీసుకోదగ్గ సర్వీసు చార్జీ 30 వేలు, పైన జీఎస్టీ. విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడికెళ్లాక మార్పిస్తా అన్నాడంటే అక్కడితో మాటలు ఆపేయాలి.

అసలు అడ్డంకి భాష. మహబూబ్‌నగర్, నల్లగొండల్లో ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ బోర్డులు కనిపిస్తాయి, జర్మన్ నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లో హాస్టల్ చూసుకోవాలి. పాలమూరు యూనివర్సిటీ, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ, జిల్లాల నర్సింగ్ కాలేజీలు సాయంత్రం తరగతులు పెట్టడానికి కొత్త భవనాలేం అక్కర్లేదు. మధ్యస్థాయి జర్మన్ రావాలంటే తీరిక లేకుండా చదివినా ఎనిమిది, పది నెలలు పడుతుంది. ఆ నెలల్లో ప్రైవేటు ఆస్పత్రి జీతం వదులుకుని కూర్చునే నర్సు ఇల్లు ఎలా గడవాలి? టామ్‌కామ్ బడ్జెట్‌లో ముందుగా అడగాల్సింది ఆ పది నెలల స్టైపెండే.