చిత్రకారుడి జ్ఞాపకాలు చిత్రకారుడికెందుకు?

ఒక చిత్రానికి అర్థమేమిటో, అది ఏ చిన్ననాటి జ్ఞాపకం నుంచి పుట్టిందో చెప్పే అధికారం దానిని గీసినవాడికి ఉండాలా వద్దా అన్న ప్రశ్నను మనం చాలాకాలంగా వాయిదా వేస్తూ వచ్చాము. ఉండకూడదన్నది నా నిశ్చితాభిప్రాయం. గీస్తున్నంతసేపూ అతని ధ్యాసంతా రంగు ఆరిందా లేదా అన్నదానిమీదనే ఉంటుంది కనుక, అటువంటి మనిషి తన గతాన్ని గురించి ఇచ్చే వాంగ్మూలాన్ని పట్టుకొని ఏ నిర్ణయానికీ రాలేము. జ్ఞాపకాన్ని చదువుకున్నవారు వెలికితీయాలి. అదీ చిత్రకారుడు పోయిన మూడు నాలుగు వందల ఏళ్ళకు, అడ్డుచెప్పేవారెవరూ మిగలని రోజులలో అయితే మరీ మంచిది.

ఈ పద్ధతికి ఒజ్జబంతి లియొనార్డో డావిన్సీ మీద మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1910లో ప్రచురించిన చిన్న పుస్తకం. పక్షులు ఎగిరే తీరును పరిశీలించి రాసుకున్న కాగితాలలో లియొనార్డో ఒకచోట తన పసితనపు ముచ్చటను పొందుపరిచాడు: తాను ఉయ్యాలలో ఉండగా ఒక పక్షి వచ్చి, తోకతో తన నోరు తెరిచి, పెదవులమీద పలుమార్లు కొట్టిందట. ఫ్రాయిడ్ చేతికి వచ్చిన జర్మన్ అనువాదంలో ఆ పక్షి రాబందు. ప్రాచీన ఈజిప్టులో మూత్ అనే తల్లిదేవతకు రాబందు తల ఉండేది. జర్మన్ భాషలో తల్లిని ముట్టర్ అంటారు. రాబందులలో మగవి ఉండవనీ, ఆడవి గాలివల్లనే గర్భం దాలుస్తాయనీ పూర్వులు నమ్మేవారు. 1452లో పెళ్ళికాని తల్లికి పుట్టిన లియొనార్డో కాక తండ్రిలేని ఆ రాబందు పిల్ల మరెవరవుతారు? తరువాత తండ్రి ఇంట్లో అతనికి సవతి తల్లి కూడా ఉన్నది కనుక, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న చిత్రంలో మేరీ, ఆమె తల్లి ఆన్ ఇంచుమించు ఒకే ఈడువారిలా ఎందుకు కనిపిస్తారో కూడా తేలిపోయింది. మోనాలీసా చిరునవ్వు కన్నతల్లి కతెరీనాది. అబద్ధమాడినా అతికినట్టుండాలన్న మన పెద్దలు ఈ పుస్తకం చదివి ఉంటే, నిజం చెప్పేవాళ్ళకు ఇంత అతుకు ఎప్పుడైనా కుదిరిందా అని అడిగి ఉండేవారు.

చిక్కల్లా ఆ పక్షి రాబందు కాకపోవడంలోనే ఉన్నది. లియొనార్డో రాసిన ఇటాలియన్ మాట నిబ్బియో, అంటే గద్ద. పెరట్లో కోడిపిల్లలకు కాపలా ఉండే ముసలమ్మకు కూడా ఈ తేడా తెలుసు: గద్ద బతికున్న పిల్లను తన్నుకుపోతుంది, రాబందు చచ్చినదాని కోసం కాచుకుంటుంది. 1923లో ఒక ఆంగ్ల కళాపత్రిక ఈ పొరపాటును ఎత్తిచూపింది. దానితో సిద్ధాంతం కూలిపోయిందని సంబరపడినవారి తొందరపాటుకు నేను జాలిపడుతున్నాను. తన జీవితంలో రాబందుకు ఇంతటి పాత్ర ఉన్నదని గుర్తించక, గద్ద అని రాసిపెట్టి పోయిన అజాగ్రత్త లియొనార్డోది. దానికి పాపం ఫ్రాయిడ్ ఏం చేస్తాడు?

పైగా రాబందు అప్పటికే దొరికింది. 1913లో ఆస్కార్ ఫిస్టర్ అనే స్విస్ పాదిరీ, ఆ లూవ్ర్ చిత్రంలోనే, మేరీ నీలివస్త్రపు మడతలలో రాబందును కనిపెట్టి లోకానికి చూపించాడు. దాని తోక కొస సరిగ్గా బాలయేసు నోటివైపే ఉన్నది! గద్దను గుర్తుపెట్టుకున్న మనిషి తనకు తెలియకుండానే రాబందును గీశాడంటే, జ్ఞాపకం విషయంలో చిత్రకారుడిని ఏ మాత్రం నమ్మవచ్చునో మీరే ఊహించుకోండి.

బతికున్న చిత్రకారుడు ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే ఎదురు చెబుతాడు. అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన విస్లర్ 1871లో తల్లిని పక్కకు తిప్పి కూర్చోబెట్టి గీసి, దానికి బూడిదరంగు, నలుపుల అమరిక అని పేరుపెట్టాడు. అమ్మ బొమ్మగా అది తనకు ముఖ్యమే గాని, అందులో ఉన్నది ఎవరన్న సంగతి జనానికెందుకని బాహాటంగానే రాశాడు. జనం దానిని విస్లర్ తల్లి అనే పిలుస్తున్నారు. అంతటితో ఆగక, 1934లో అమెరికా తపాలా శాఖ మాతృదినోత్సవానికి ఆ బొమ్మను మూడు సెంట్ల బిళ్ళమీద అచ్చువేస్తూ, ఒక మూల పూలకుండీని కూడా చేర్చింది. కొడుకు మరిచిపోయిన పూలను ప్రభుత్వం గుర్తుంచుకున్నది. తపాలా శాఖను నిందించేవారు ఈ మాతృభక్తిని గమనించాలి.

మన దగ్గర పరిస్థితి మరో రకంగా విషమించింది. కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లి నుంచి వచ్చిన తోట వైకుంఠం, తన బొమ్మలలోని పెద్దబొట్టు ఆడవాళ్ళు ఎక్కడివారని అడగగానే, మా అమ్మ, మా ఊళ్ళో నాటకాలలో ఆడవేషం కట్టిన మగవాళ్ళు అని దాపరికం లేకుండా చెప్పేస్తారు. ఆయన బొమ్మలంటే నాకు ప్రాణమే గాని, ఈ ధోరణిని సమర్థించలేను. చిత్రకారులు తమ జ్ఞాపకాలను ఇలా తామే పంచిపెట్టుకుంటూ పోతే, రేపటి పరిశోధకులు ఏం తిని బతకాలి?

నేను ఈ విద్యను ఇంట్లోనే సాధన చేస్తున్నాను. మరకలు పడిన గోడలను తదేకంగా చూస్తే కొండలూ, నదులూ, యుద్ధాలూ, వింత ముఖాలూ కనిపిస్తాయని లియొనార్డో తన తోటి చిత్రకారులకు సలహా ఇచ్చాడు. ఫిస్టర్ ఆ గురువుగారి మాటను గోడకు బదులు గురువుగారి బొమ్మకే వర్తింపజేశాడన్నమాట. మా పడకగది గోడమీద ఈ వర్షాకాలం వచ్చిన చెమ్మ మరకలో రెక్కలు విప్పిన ఒక పెద్ద పక్షి స్పష్టంగా ఉన్నది. దాని తోక నా తలగడ వైపు దిగుతున్నది. చూడడానికి వచ్చిన మేస్త్రీ, “పై వాటావాళ్ళ బాత్రూము పైపు కారుతోందండీ, రేపొచ్చి మార్చేస్తా” అన్నాడు. అతనిది చేతిపని మాత్రమే తెలిసినవాడి చూపు. అది గద్దో రాబందో తేలేదాకా పైపు ముట్టుకోవద్దని చెప్పి పంపించాను.