బుగ్గలు కొట్టిన చేతికి ఏ పిస్టల్?

మొన్న మాఘంలో చెర్వుగట్టు జాతరకు ఊరికి పోయినప్పుడు, గుట్ట కింద గాలి బుగ్గలు కొట్టే దుకాణం ముందు మా బావ చాలాసేపు నిలబడిపోయాడు. నార్కట్‌పల్లి చుట్టుపక్కల పుట్టినవాళ్లకు ఆ దుకాణం గురించి చెప్పాల్సిన పనిలేదు. పలకకు వరసలుగా కట్టిన రంగురంగుల బుగ్గలు, ముందు బల్ల మీద మధ్యకు మడిచి గుండు పెట్టే ఎయిర్ గన్. చిన్నప్పుడు జడల రామలింగేశ్వరుని దర్శనం కాగానే నాయన చెయ్యి విడిపించుకుని అక్కడికే ఉరికేవాళ్లం. ఆ తుపాకుల గురి ఎప్పుడూ వంకరే. మొదటి రెండు గుండ్లు ఎటు పోతున్నాయో చూసుకుని, మూడోది అంత మేర పక్కకు జరిపి కొట్టాలి. మా అక్కకు ఆ కిటుకు తొమ్మిదేళ్లకే తెలుసు.

ఆ రాత్రి ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు బావ ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. "బామ్మర్దీ, డాలస్‌ల మా ఇంటికి దగ్గర్లనే షూటింగ్ రేంజ్ ఉంది. నేనూ మీ అక్కా ఆదివారం పూట పోదామనుకుంటున్నం. పాయింట్ టూ టూ పిస్టల్ ఒకటి తీసుకోవాలె. ఈ మూడింట్ల ఏది మంచిది?" మూడు బొమ్మలున్నాయి. గ్లాక్ 44, వాల్తర్ పి22, రూగర్ మార్క్ 4. బావకు మొదటిది నచ్చింది. చూడటానికి అసలు పోలీసు పిస్టల్ లాగే ఉంటుంది, బరువు అరకిలో కూడా ఉండదు.

నా జవాబు మూడోది. ఎందుకో ఆ రాత్రి బావకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. అమెరికాలో మన తెలుగువాళ్ల అసోసియేషన్ పిక్నిక్‌లలో ఈ మధ్య ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. అడిగినవాళ్లలో సగం మంది తప్పు వస్తువు కొని, రెండు నెలలు కాల్చి, లాకర్లో పడేస్తున్నారు.

.22 వైపు మొగ్గడం మాత్రం సరైన ఆలోచనే. .22 అంటే గుండు మందం సుమారు 0.22 అంగుళాలు; 1887 నుంచి ఉన్న తూటా ఇది. మామూలుగా వాడే గుండు 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. పెద్ద పిస్టళ్లలో వాడే 9 ఎంఎం గుండు దానికి మూడింతల బరువు. గుండు తేలిక, పేలుడు మందు తక్కువ కాబట్టి చెయ్యి ఎగరదు, చప్పుడు తక్కువ, ఖర్చూ తక్కువే. కొత్తగా నేర్చుకునేవాళ్లను చెడగొట్టేది ఆ చప్పుడూ ఆ తోపే. పేలబోతోందని ముందే భయపడి మణికట్టు కిందికి వంచేస్తారు. ఆ అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడానికి ఏళ్లు పడుతుంది. .22తో మొదలుపెట్టిన చేతికి ఆ జబ్బు అంత తొందరగా అంటదు.

అసలు చిక్కు ఆ .22లలో ఏది అన్నదగ్గరే వస్తుంది. వీటిలో రెండు జాతులున్నాయి. ఒకటి గ్లాక్ 44, పి22 లాంటి, పెద్ద పిస్టళ్లకు నకలు: స్లైడ్ అనే పైభాగం మొత్తం ముందుకూ వెనక్కూ ఆడుతుంది, గురి చూసే వెనక సైటు ఆ స్లైడ్ మీదే ఉంటుంది. రెండోది మొదటినుంచీ గురి కోసమే చేసినది: బ్యారెల్ (గొట్టం) కదలదు, సైట్లు కదలవు, లోపల తూటా వెనక ఉండే బోల్టు ఒక్కటే ఆడుతుంది. రూగర్ మార్క్ వరస, బ్రౌనింగ్ బక్ మార్క్, స్మిత్ అండ్ వెసన్ విక్టరీ ఈ రెండో కోవలోవి. రూగర్ కంపెనీ 1949లో మొదలైందే ఇలాంటి పిస్టల్‌తో. ఇవి బరువు. విక్టరీ దాదాపు కిలో తూగుతుంది, మందపాటి బ్యారెల్ ఉన్న ఉక్కు మార్క్ 4 అయితే 1.2 కిలోలు.

"అంత బరువు ఎందుకు?" అన్నాడు బావ. బరువే కావాలి బావా అన్నాను. సర్వపిండి చేసేటప్పుడు పల్చటి గిన్నె పొయ్యి మీద ఎలా జారుతుందో, మందపాటి గంజు ఎలా కదలకుండా కూర్చుంటుందో నీకు తెలియంది కాదు. చెయ్యి వణకడం అందరికీ ఉంటుంది. ఆ వణుకు తేలిక పిస్టల్‌ను ఆడించినంతగా బరువుదాన్ని ఆడించలేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల 25 మీటర్ల పిస్టల్ పోటీకి వాడేది కూడా ఈ .22 తూటానే. అక్కడ పిస్టల్ 1400 గ్రాములు దాటకూడదని నియమం పెట్టారంటే, వదిలేస్తే ఇంకా బరువైనవి తెచ్చేవాళ్లున్నారనే కదా.

ఇక సైట్ల మధ్య దూరం. ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య 15 సెంటీమీటర్లు ఉందనుకోండి. రెండింటినీ కలపడంలో కేవలం 1 మిల్లీమీటరు తేడా వస్తే, 15 మీటర్ల అవతలి కాగితం మీద గుండు 10 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఆ దూరం 20 సెంటీమీటర్లు అయితే అదే తప్పుకు గుండు పోయేది 7.5 సెంటీమీటర్లే. అదే చెయ్యి, అదే కన్ను. తేడా అంతా వస్తువులోనే. నేను మొదట కొన్నది చిన్న పిస్టలే, జేబులో పట్టేంత ముద్దుగా ఉందని. గుండ్లు కాగితమంతా చెల్లాచెదురుగా పడుతుంటే నాకిక చేతకాదేమో అనుకుని దాదాపు మానేశాను. రేంజ్‌లో ఒక పెద్దాయన తన పాత బక్ మార్క్ చేతికిచ్చి పది గుండ్లు కొట్టించాడు. పదింటిలో ఏడు నా అరచేతి కింద దాగాయి. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.

మాటలు ఇక్కడిదాకా వచ్చేసరికి లోపల పడుకుందనుకున్న నాయనమ్మ బయటికి వచ్చింది. "తుపాకెందుకు బిడ్డా? ఎవల మీద?" అని అడిగింది.

మాకు నోటమాట రాలేదు. ఆమెకు తుపాకి అంటే బుగ్గలు కాదు. నల్లగొండ జిల్లాలో ఆ వయసు వాళ్లెవరికీ కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగిపోయినప్పుడు ఆ ఊరు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. వడిసెలలు, మందు దట్టించి కాల్చే భర్మారు తుపాకులు, రజాకార్లు, ఆ తర్వాత మిలిటరీ, అన్నీ ఆమె చిన్నతనంలోనివే. చప్పుడు వినపడితే పిల్లలను గరిసెలో దాచేవాళ్లని ఎన్నోసార్లు చెప్పింది. బావ ఆమె పక్కన కూర్చుని, "ఎవల మీద కాదమ్మా, కాగితం మీద" అన్నాడు. నమ్మిందో లేదో తెలియదు. "మరి ఇంట్ల ఏడ పెడ్తరు? పిల్లలున్నరు గద" అన్నది.

నా అభిప్రాయంలో ఇంత మంచి ప్రశ్న మమ్మల్ని ఏ దుకాణంవాడూ అడగలేదు. సరదా గురికి కొంటున్నాం అంటూనే చాలామంది మనసులో ఇంకోటి ఉంటుంది, అవసరమైతే రాత్రి తలగడ పక్కన పనికొస్తుందని. ఆ రెండో ఆలోచనే చిన్నదాన్ని, తేలికదాన్ని, నకలుదాన్ని కొనిపిస్తుంది. గురికి కొంటే గురికే కొనాలి. రేంజ్ నుంచి రాగానే ఖాళీ చేసి, కళ్లతో చూసి, వేలితో ఛాంబర్ (తూటా కూర్చునే గది) తడిమి, తాళమేసిన పెట్టెలో పెట్టాలి. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళం కింద ఉండాలి. బావ పెద్ద కొడుకుకు ఏడేళ్లు. తాళం ఎక్కడుందో వాడికి తెలియకూడదు.

మార్క్ 4నే ఎందుకన్నానంటే శుభ్రం చేయడం సులువు. దీని ముందు తరాలను విప్పడం పెద్ద టెన్షన్, మళ్లీ బిగించడం అంతకంటే టెన్షన్. విసుగుపుట్టి జనం శుభ్రం చేయడమే మానేసేవాళ్లు. 2016లో వచ్చిన ఈ మార్క్ 4లో వెనక ఒక బటన్ నొక్కితే చాలు, పైభాగం తెరుచుకుంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు ఒక్క మాట. 2017 జూన్ 1కి ముందు తయారైనవాటిని సేఫ్టీలో లోపం ఉందని కంపెనీయే వెనక్కి పిలిపించింది. బాగుచేయించిందో లేదో నంబరు చూసి కనుక్కోకుండా డబ్బులివ్వకండి. బక్ మార్క్ ట్రిగ్గర్ ఇంకా బాగుంటుందని నాకనిపిస్తుంది కానీ, విప్పదీయడంలో అది వెనకబడింది.

తూటాల సంగతి. సెమీ ఆటోమేటిక్ అంటే పేలిన మందు తోపుకే బోల్టు వెనక్కి పోయి, ఖాళీ కేసును విసిరేసి, స్ప్రింగు బలంతో ముందుకొస్తూ కొత్త తూటాను ఎక్కించుకోవడం. తోపు చాలకపోతే మధ్యలో ఇరుక్కుంటుంది. .22లో మంట పుట్టించే రసాయనం అడుగు అంచులో చుట్టూ ఉంటుంది. అది అన్నివైపులా సరిగా పరుచుకోకపోతే సుత్తి దెబ్బకు పేలదు. చవగ్గా వచ్చిందని నేనొకసారి 500 తూటాల డబ్బా తెచ్చుకుంటే తూటాలు నింపే మ్యాగజైన్ ప్రతి రెండోదాంట్లో ఒకటి మొరాయించింది. కాబట్టి ముందు నాలుగైదు రకాలు చిన్న డబ్బాలు తెచ్చుకుని, మీ పిస్టల్‌కు ఏది పడుతుందో చూసుకోండి. పేలని తూటా వస్తే కంగారుగా బయటికి లాగకుండా, మొన కాగితం వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. ఇంటికొచ్చాక పిల్లలను ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఈ గుండ్లు సీసం, దాని పొడి చేతులకు అంటుతుంది.

మనవాళ్లు తేలిగ్గా తీసుకునేది వీసా. బావకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. హెచ్1బీ, ఎఫ్1, విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకిగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఊరి నుంచి వచ్చిన మామయ్యను సరదాగా రేంజ్‌కు తీసుకెళ్లి చేతికిచ్చి ఫొటో తీయడం కూడా దీని కిందికే వస్తుంది. అలాగే రేంజ్‌కు వాడిన బ్యాగు ఇండియా ప్రయాణానికి వాడకండి. శంషాబాద్‌లో దాని మూలన ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం 1959 కింద కేసవుతుంది.

ఇంటర్ చదివే మా బాబాయి కొడుకు ఇదంతా వింటూ, "మరి మాకు లేదా అన్నా?" అన్నాడు. ఉంది. ఇండియాలో .22కు లైసెన్స్ కావాలి కానీ, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న .177 (అంగుళాల) ఎయిర్ పిస్టల్‌కు, అంటే గాలి ఒత్తిడితో కాల్చేదానికి, అవసరం లేదు. 10 మీటర్ల గోడ, కాగితం, శిక్షకుడు ఉంటే చాలు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకు జాతీయ ఛాంపియన్ అయింది ఎయిర్ పిస్టల్‌తోనే. ఆ తర్వాతే .22 పట్టి హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో 25 మీటర్ల వ్యక్తిగత రజతం తెచ్చింది, పారిస్ ఒలింపిక్స్‌కూ పోయింది. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఒక్కో పది లేన్ల ఎయిర్ పిస్టల్ రేంజ్ ఎందుకు ఉండకూడదు? కాలేజీ హాలు సరిపోతుంది. ఊరికి ఏదో ఒకటి చేద్దామని ప్రతి ఏడాదీ చందాలు పోగుచేసే మన అసోసియేషన్ దీని గురించి ఆలోచించాలని గట్టిగా కోరుతున్నాను.

డాలస్ తిరిగి వెళ్లాక బావ కొనేముందు అక్కను వెంట తీసుకెళ్లాడు. అదే నేను గట్టిగా చెప్పిన మాట: కాల్చేవాళ్ల చేతిలో పెట్టి చూడకుండా కొనొద్దని. రేంజ్‌లో అద్దెకు మూడూ దొరికాయి. అక్క ఒక్కోదానితో పది గుండ్లు కొట్టింది. మార్క్ 4 బోల్టు లాగడం మొదట కష్టమైందట, బోల్టు వెనక చెవుల్లా పొడుచుకువచ్చిన అంచులను రెండు వేళ్లతో పట్టుకుని లాగడం అలవాటయ్యాక సులువైందట. నాకు కాగితం ఫొటో పంపింది. మొదటి మూడు రంధ్రాలు ఎడమకు, మిగతా ఏడూ నడుమ నల్లటి చుక్క చుట్టూ. కింద మెసేజ్: "మూడు చూసుకున్నా, తర్వాత జరిపినా."