గేదె క్షేమమే మా ధ్యేయం

రాత్రి రెండు గంటలకు కూడా దీక్షగా పనిచేసే సంస్థలు మన దేశంలో ఉన్నాయి. నమ్మని వాళ్లు కందుకూరు బస్టాండు దగ్గరి ఒక నెట్ సెంటర్‌కు వచ్చి చూడవచ్చు. అక్కడి కంప్యూటర్‌లో, అర్ధరాత్రి దాటాక 2.03కు ఒక బీమా కంపెనీ పంపిన మెయిల్ ఉంది. కంపెనీ పేరెందుకు లెండి, మీకూ అలాంటిదే ఒకటి తగిలే ఉంటుంది. “ప్రియమైన పాలసీదారు గారికి, మీ గేదె పాలసీ త్వరలో ముగియనుంది. నేడే పునరుద్ధరించుకోండి. మీ గేదె క్షేమమే మా ధ్యేయం.”

గేదె చచ్చి నెల దాటింది.

ఈనిన నాలుగో రోజే పాలజ్వరం వచ్చి పోయింది. పశువైద్యుడు పోస్టుమార్టం చేసి కాగితం ఇచ్చాడు. చెవికి వేసిన పసుపు బిళ్లను (మనుషుల ఆధార్‌కు లాగే దానికీ 12 అంకెలు) గేదెను సాకిన పెద్దమ్మ దాని చెవి తోలుతో సహా కోయించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చింది. బిళ్ల లేనిదే పరిహారం లేదన్నది పశువుల బీమాలో మొదటి సూత్రం మరి. క్లెయిము పెట్టారు, నంబరూ వచ్చింది. అంటే చచ్చిన సంగతి కంపెనీకి తెలుసు. కాకపోతే తెలిసిన విభాగం వేరు, క్షేమం కోరే విభాగం వేరు. ఒకే ఇంట్లో ఒక గదిలో పెద్దకర్మ, పక్క గదిలో పెళ్లిచూపులు.

ఆమె మెయిల్ నెట్ సెంటర్‌కు ఎందుకు వచ్చిందంటారా? ఆన్‌లైన్ దరఖాస్తులో ఎర్ర చుక్క పెట్టిన గడి ఒకటి ఉంటుంది, ఈమెయిల్ అని. అది నింపందే ఫారం కదలదు. పాలు పోసుకుని బతికే మనిషికి ఈమెయిల్ ఎక్కడిది? నెట్ సెంటర్ కుర్రాడు తనది వేస్తాడు. ఆమెకే కాదు, ఉలవపాడు, గుడ్లూరు, వలేటివారిపాలెం నుంచి వచ్చేవాళ్లందరికీ తనదే. ఆ లెక్కన అన్ని ఊళ్ల తరఫునా శుభాశుభాలు అందుకునే పెద్దమనిషి అతనే.

జనవరి 1న చూడాలి అతని వైభవం. పుట్టిన సంవత్సరమే తప్ప తేదీ తెలియని వాళ్లకు ఫారాల్లో జనవరి 1 పడుతుంది. కాబట్టి ఆ రోజు తెల్లవారేసరికి మెయిల్ పెట్టె నిండా జన్మదిన శుభాకాంక్షలే. బెలూన్లు, కేకు బొమ్మ, “ఈ ప్రత్యేకమైన రోజున మీ కలలన్నీ నెరవేరాలి”. మొదట్లో కుర్రాడు ఓపికగా ఫోన్లు చేసి చెప్పేవాడు. “తాతా, కంపెనీ వాళ్లు నీ పుట్టినరోజు గుర్తుపెట్టుకున్నారు.” “నాకే తెలియదు కదరా, వాళ్లకెవరు చెప్పారు?” మరణ క్లెయిము చెల్లించి ఫైలు మూసేసిన ముసలాయనకు కూడా ఒక కేకు వచ్చింది. కేకు కింద ఆయన పేరు, పేరు కింద ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్‌లో కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు కూడా కంపెనీ కంప్యూటరుకు కబురు పెట్టినవాళ్లు లేరు.

ఇవన్నీ పంపేది ఎక్కడో తాళం వేసిన ఏసీ గదిలోని సర్వరు అనే పెద్ద కంప్యూటరు అని మీరు గ్రహించే ఉంటారు. అందులో క్రాన్ అనే పనివాడు (మనిషి కాదు, ప్రోగ్రాము) ఉంటాడు, యూనిక్స్ కంప్యూటర్లలో 1970ల నాటి నుంచి ఉన్న నమ్మినబంటు. ఇన్ని గంటలకు ఈ పని అని ఒక్క వరుస రాసిపెడితే చాలు, వేళ తప్పకుండా చేస్తాడు. ఆ వరుస రాసిన ఉద్యోగి వేరే కంపెనీకి వెళ్లిపోయినా చేస్తాడు, గేదె చచ్చినా చేస్తాడు. తేడా వస్తే యజమానికి మెయిల్ కూడా పెడతాడు. మామూలుగా అది ఆ యంత్రంలోనే ‘రూట్’ అనే పెట్టెలో పడుతుంది, దాన్ని తెరిచి చూసే నాథుడుండడు. ఆ విషయంలో సర్వరూ, గేదెను పోగొట్టుకున్న ఆమే ఒకే బాధితుల సంఘం.

యంత్రాల మధ్య మర్యాదలకు మాత్రం లోటు లేదు. 1982లో జాన్ పోస్టెల్ అనే ఇంటర్నెట్ నిపుణుడు రాసిన ఈమెయిల్ నిబంధనల ప్రకారం ఒక సర్వరు మెయిల్ పట్టుకుని మరో సర్వరు గడప తొక్కితే ముందు పలకరించాలి, ఎవరి తరఫున వచ్చిందో చెప్పాలి, అవతలిది ప్రతి మాటకూ మూడంకెల జవాబు ఇచ్చి తీరాలి. చేరని మెయిల్ గురించి కబురు పంపేటప్పుడు తిరుగు చిరునామా ఖాళీగా ఉంచాలి. లేకపోతే ‘చేరలేదు’ అంటే ‘అదీ చేరలేదు’ అని రెండూ తెల్లవార్లూ అనుకుంటూనే ఉంటాయి. 2004లో కేవలం ఆటోమేటిక్ జవాబుల కోసమే ఇంకో పత్రం వచ్చింది. యంత్రం పంపినదానికి యంత్రం జవాబివ్వకూడదట, ఒకే చిరునామాకు పదే పదే పంపకూడదట. యంత్రాన్ని యంత్రం విసిగించకుండా ఇంజనీర్లు ఇంత జాగ్రత్త పడ్డారు. మనిషిని విసిగించే విద్య కంపెనీలు సొంతంగా నేర్చుకున్నాయి.

కుర్రాడు వెనక్కి వెతికితే, బెలూన్ల మధ్య ఇంకో రెండు మెయిళ్లు దొరికాయి. “బిళ్ల ఫొటో స్పష్టంగా లేదు. ఏడు రోజుల్లో మళ్లీ పంపగలరు. ఈ చిరునామాకు జవాబు పంపకండి.” ఎక్కడికి పంపాలో రాయలేదు. రెండోది ఎనిమిదో రోజుది. “మీ నుంచి స్పందన రానందున క్లెయిము మూసివేశాము. అసౌకర్యానికి చింతిస్తున్నాము.”

ఎవరయ్యా చింతిస్తున్నది? ఆ గదిలో ప్రాణి లేదు. నోటికి తాళం వేసి, నోరు విప్పలేదు కాబట్టి డబ్బు ఇవ్వబోమంటారా? ప్రీమియం కట్టించుకున్న రోజు మనిషే వచ్చాడు. పాక దాకా వచ్చాడు, మజ్జిగ తాగాడు, గేదె పక్కన ఆమెను నిలబెట్టి ఫొటో తీశాడు. డబ్బు తీసుకోవడానికి మనిషి, ఎగ్గొట్టడానికి యంత్రం! అడిగితే సాంకేతిక లోపమంటారు. కాదు. ఏడు రోజుల గడువు సర్వరు పెట్టలేదు, నెలనెలా జీతం తీసుకునే మనిషి కూర్చుని పెట్టాడు. జవాబులు రాకుండా ఆ చిరునామాకు గడియ వేసిందీ మనిషే. అప్పు తెచ్చి గేదెను కొన్న మనిషి కంటికి ఎదురుపడే ధైర్యం లేక, సిగ్గు విడిచి యంత్రం చాటున దాక్కున్నాడు.

వద్దన్నా కుర్రాడు జవాబు రాసి పంపాడు. నిమిషంలో వెనక్కి వచ్చింది.

“ఏమన్నారు నాయనా?”

“అక్కడ ఎవరూ లేరట పెద్దమ్మా.”

“మరి రాసిందెవరు?”

మరునాడు సర్వే వచ్చింది, క్లెయిము మూసిన తీరుకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని. మా స్పందన వాళ్లకెంతో విలువైనదట.

కంపెనీ ప్రధాన కార్యాలయానికి కాగితం మీద ఫిర్యాదు రాసి, పోస్టుమార్టం నివేదిక నకలు జతచేసి, స్పీడ్ పోస్టులో పంపాం. నెలలోగా పలకకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరికి వెళతాం. అక్కడి ఫారంలోనూ ఈమెయిల్ గడి ఉంటే, దాని మీద అడ్డంగా ఒక గీత గీసి ఇస్తాం.