మసి ఏ పార్టీది?

మా అపార్ట్‌మెంటులో నలభై ఎనిమిది ఇళ్లున్నాయి. పార్కింగు మీద నలభై ఎనిమిది అభిప్రాయాలున్నాయి కాబట్టి ఆ గొడవ ఎప్పుడూ సాగుతూనే ఉంటుంది గానీ ముదరదు. కార్తీక వనభోజనాల వంట మీద మాత్రం రెండే అభిప్రాయాలు. అందుకే సంఘం నిట్టనిలువునా చీలింది. ఒకటి కట్టెల పార్టీ, రెండోది స్టవ్వు పార్టీ. వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండల దగ్గర ఉసిరి చెట్టు కింద పప్పు దేని మీద ఉడకాలన్న ఈ జాతీయ సమస్య మీద మూడు సమావేశాలు జరిగాయి. మూడింటికీ టీ మాత్రం కింద బండి దగ్గరి నుంచే వచ్చింది.

కట్టెల పార్టీ నాయకుడు అయిదో అంతస్తు ఆసామి. "కట్టెల పొయ్యి మీద వండిన వంటకు ఆ పొగ రుచే వేరండీ" అని ఆయన కళ్లు అరమోడ్చి చెబుతుంటే సభ్యుల్లో కొందరికి నోరూరింది. ఆయన వంటింట్లో చిమ్నీ ఉంది. పోపు వాసన హాల్లోకి రాకూడదని పెట్టించుకున్నారు. అంటే పొగ మీద ఆయనకు ద్వేషం లేదు, ఇంటికి డెబ్బై, ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉండాలంతే. వెనకటికి వంటింటి పొగకు ఆడవాళ్ల కళ్లు పోతున్నాయని 1999లో దీపం పథకం పెట్టి గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో ఢిల్లీ వారు ఉజ్జ్వల పథకం తెచ్చారు. రెండు ప్రభుత్వాలు అంత కష్టపడి వంటింట్లోంచి తరిమిన పొగను, మేం ఏసీ బస్సు మాట్లాడుకుని వికారాబాద్ దాకా వెళ్లి వెనక్కి పిలుచుకున్నాం.

స్టవ్వు పార్టీ వారిది శాస్త్రీయ దృక్పథం. చేత మోసుకెళ్లే ప్రైమస్ స్టవ్వు స్వీడన్‌లో 1892లో పుట్టిందనీ, 1953లో ఎవరెస్టు ఎక్కిన బృందం కూడా దాన్నే నమ్ముకుందనీ వారి నాయకుడు సెలవిచ్చారు. ఎవరెస్టుకు పనికొచ్చింది అనంతగిరికి పనికిరాదా అని ఆయన ప్రశ్న. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆయన కొన్నది చిన్న గ్యాసు డబ్బాతో వెలిగే స్టవ్వు; ఆ డబ్బాలోని బ్యూటేన్ వాయువు సున్నాకు అర డిగ్రీ దిగువన ఆవిరి కావడం మానేస్తుంది కాబట్టి, ప్రొపేన్ కలిపిన చలికాలపు డబ్బాలు ప్రత్యేకంగా తెప్పించారు. వికారాబాద్‌లో మంచు కురిసే సూచన ఏదైనా ఆయనకు ముందే అందిందేమో మాకు తెలియదు. మేం మాత్రం ఆ రోజు పదకొండు గంటలకే స్వెట్టర్లు విప్పేశాం.

రాజీ సూత్రంగా రెండూ తీసుకెళ్లాలని తీర్మానించాం. రాజీ అంటే రెండు తప్పులూ చేయడమే కదా.

అడవిలోకి వెళ్లాక మొదటి దెబ్బ కట్టెల పార్టీకే తగిలింది. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. ఆ సంగతి ఒక ఫారెస్టు గార్డు చాలా మర్యాదగా చెప్పాడు. స్టవ్వు పార్టీ వారు చప్పట్లు కొట్టబోతే, "అది కూడా నిప్పే సార్" అని వారికీ చెప్పాడు. ఆ రోజు రెండు పార్టీలనూ సమానంగా చూసినవాడు అతనొక్కడే. చివరికి కొండ దిగి, బతిమాలి, ఒక మామిడితోట అద్దెకు తీసుకున్నాం. ఉసిరి చెట్టు సంగతి పురోహితుడికి చెప్పకూడదనుకున్నాం.

తోటలో మొదట స్టవ్వు పార్టీ రంగంలోకి దిగింది. సూట్‌కేసులాంటి పెట్టె తెరిచి, పక్కనున్న అరలో డబ్బా బిగించి, మీట తిప్పితే నీలిమంట వచ్చింది. అరచెయ్యంత మంట. దాని మీద నలభై మందికి సరిపడే డేగిసా ఎక్కించారు. గిన్నె స్టవ్వునే కాక పక్కనున్న డబ్బాను కూడా గొడుగులా కప్పేసింది. గిన్నె వేడి డబ్బాకు తగిలితే లోపల పీడనం పెరుగుతుంది, అలా పెరిగితే డబ్బాను వదిలేసే ఏర్పాటు స్టవ్వులోనే ఉంటుంది. ఆ సంగతి పెట్టె మీద బొమ్మ వేసి మరీ చెప్పారు. మాలో బొమ్మలు చూసే వయసువారు దూరంగా క్రికెట్ ఆడుతున్నారు. పది నిమిషాలకొకసారి టక్కుమని డబ్బా విడిపోయేది, మంట ఆరిపోయేది, వీళ్లు మళ్లీ బిగించేవారు. నాలుగోసారికి నాకు అర్థమైంది, ఆ తోటలో ముందుచూపున్నది ఆ స్టవ్వు ఒక్కదానికేనని.

ఇక కట్టెల వంతు. పెళ్లిళ్లలో తవ్వే గాడిపొయ్యి తవ్వుదామన్నారు గానీ గునపం పట్టినవాళ్లు లేరు. మూడు రాళ్లు పెట్టారు. అడితిలో కొన్న కట్టెలు పచ్చి తుమ్మ అని అక్కడ తెలిసింది. కట్టెకంటే ముందు కళ్లు కాలాయి. అరలీటరు నూనె, రెండు రోజుల దినపత్రికలు అందులో పోశాక మంట అంటుకుంది. (పత్రికల్లో సంపాదకీయాలు బాగా మండుతాయని ఎవరో అన్నారు. వృత్తిరీత్యా నేను ఊరుకున్నాను.) మూడు రాళ్ల పొయ్యిలో మండే వేడిలో గిన్నెకు దక్కేది మహా అయితే నూటికి పది, పదిహేను వంతులు. ఇంట్లో గ్యాసు పొయ్యికి మన దేశపు ప్రమాణం కనీసం అరవై ఎనిమిది. అంటే వంద రూపాయల కట్టెలు కొంటే ఎనభై అయిదు రూపాయలకు పైగా ఆకాశానికి నైవేద్యం. కార్తీకమాసం కాబట్టి ఆ పుణ్యం ఎక్కడికీ పోదని కట్టెల పార్టీ సమాధానం.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. దమ్ము పెట్టాలంటే నిప్పులే కావాలి. గోధుమపిండితో మూత మూసి, మూత మీద కణకణలాడే నిప్పులు పరిస్తే పైనుంచీ కిందనుంచీ సమంగా వేడి తగులుతుంది. నీలిమంటకు పైకి పోవడం తెలుసు గానీ కిందికి దిగడం తెలియదు. కూరగాయల బిర్యానీ ఆ రోజు కుదిరిందంటే ఆ నిప్పుల దయే. పప్పు సంగతి వేరు.

ఇదంతా మూడో అంతస్తు బామ్మగారు కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. పల్లెలో నలభై ఏళ్లు ఊదుగొట్టం పట్టిన మనిషి. మూడు సమావేశాల్లో ఏ ఒక్కదానికీ ఆవిడను పిలవాలని ఎవరికీ తోచలేదు. డేగిసా పొయ్యి మీదికి ఎక్కాక ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"గిన్నె అడుగుకు మట్టి పూశారా నాయనా?"

పూయలేదు. పూస్తే మసి మట్టికి పట్టి, కడిగితే ఊడివస్తుందట. ఆ ముక్క ఎవరెస్టు చరిత్రలోనూ లేదు, చిమ్నీ కింది జ్ఞాపకాల్లోనూ లేదు.

భోజనాల దగ్గర కట్టెల పార్టీ నాయకుడు స్వయంగా పప్పు వడ్డించి, "చూశారా బామ్మగారూ, పొగ రుచి!" అన్నారు. ఆవిడ ఒక ముద్ద తిని, కాసేపు ఆలోచించి, "పప్పు అడుగంటింది నాయనా" అన్నారు.

ఆ డేగిసా ఇప్పుడు మా మేడ మీద నీళ్ల ట్యాంకు కింద బోర్లించి ఉంది. మసి కట్టెలదే కాబట్టి కట్టెల పార్టీవారే తోమాలని స్టవ్వు పార్టీ, స్టవ్వు నాలుగుసార్లు ఆరిపోకపోతే కట్టెల దాకా వచ్చేదే కాదు కాబట్టి స్టవ్వు పార్టీవారే తోమాలని కట్టెల పార్టీ. విచారణకు ముగ్గురు సభ్యుల ఉపసంఘం వేశాం. సాక్ష్యం చెరిగిపోతుంది కాబట్టి అంతవరకు గిన్నెను ఎవరూ తాకరాదని నోటీసు బోర్డు మీద అంటించాం. కిందటి వారం పనిమనిషి చింతపండు, కొబ్బరి పీచు తీసుకుని మేడ మీదికి వెళ్లబోతే ఉపసంఘం వారే ఆపారు.