రక్తదాన శిబిరం ఫ్లెక్సీ గారికి ఒక మనవి

మహారాజశ్రీ ఫ్లెక్సీ బ్యానరు గారికి, బెంగళూరు మారతహళ్లి నుండి ఒక పాత రక్తదాత నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. తమరు గాలికి చిరగకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

పైన కన్నడంలో ‘హుట్టుహబ్బద శుభాశయగళు’ (పుట్టినరోజు శుభాకాంక్షలు) అనీ, కింద తెలుగులో ‘రక్తదానం మహాదానం’ అనీ పలుకుతూ, కథానాయకుడి నిలువెత్తు బొమ్మ చుట్టూ ముప్పై రెండు తలలను మోస్తూ, మిగిలిన మూలలో గోరంత రక్తపు చుక్కకు కూడా చోటిచ్చిన తమరి ఔదార్యాన్ని ముందుగా మెచ్చుకోవాలి. ఆ తలల్లో పై వరుసలో నాలుగోది మా పెదనాన్నగారి అబ్బాయిది. నిరుడు శిబిరంలో వాడి హిమోగ్లోబిన్ 11.8 వచ్చింది. 12.5 లేనిదే రక్తం తీయకూడదని డాక్టరమ్మ వెనక్కి పంపితే, ఫొటోగ్రాఫరు ఊరుకోక వాడిని మంచం మీద పడుకోబెట్టి, గుప్పిట్లో స్పాంజి బంతి పెట్టి, సూది లేకుండానే దానం చేయించాడు. ఆ ఫొటోయే ఈ ఏడాది తమరి మీదికెక్కింది.

అసలు మనవి తమరి పంచాంగం గురించి. ఏడాదికొక్క ఉదయాన వీధి మొత్తాన్నీ వరుసగా పడుకోబెట్టి రక్తం తీయిస్తారు. ఎర్రకణాలను ఎంత చల్లగా దాచినా 42 రోజులకు మించి వాడరు; ప్లేట్‌లెట్లకైతే 5 రోజులే ఆయుష్షు. ఆరో రోజున డెంగీతో ఆసుపత్రిలో చేరినవాడు మళ్లీ పుట్టినరోజు దాకా ఓపిక పట్టాలి కాబోలు. పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు గనుక, మగవాడు ఏడాదికి నాలుగుసార్లు ఇవ్వగలడు. తమరి కథానాయకుడు ఏడాదిలో నాలుగుసార్లు పుట్టి ఉంటే ఏ ఇబ్బందీ లేకపోయేది.

నేను పన్నెండేళ్లుగా మూడు నెలలకొకసారి ఆఫీసు దారిలో రక్తనిధి దగ్గర ఆగుతున్నాను. అక్కడ నన్ను చూసేవి ఒక నర్సు, ఒక గోడగడియారం. 350 మిల్లీలీటర్లు, రెండు బిస్కెట్లు, ఒక ఫ్రూటీ. మోచేతి దగ్గర పట్టీ చూస్తే గాని మా ఆవిడకైనా తెలియదు. (ఇదీ గొప్ప చెప్పుకోవడమేనని తమరంటారేమో. తమరంత వెడల్పు లేదు గనుక పోనివ్వండి.)

నిన్న సాయంత్రం వానలో, రింగురోడ్డు పక్కన టీ బండి మీద కప్పిన పట్టాను చూసి తమరిని గుర్తుపట్టాను. తమరి కింద నలుగురు తడవకుండా టీ తాగుతున్నారు. మావాడి ముఖం మీదుగా నీళ్లు కారుతున్నాయి. తాడు కట్టడానికి రక్తపు చుక్క ఉన్న మూలనే చిల్లు పొడిచారు.

ఇట్లు,
తమరి మీద తలలేని ఒక రక్తదాత